అరవై మీటర్ల వరస

పళ్ళక్కకు ఆ పేరు ఎవరు పెట్టారో క్లబ్బులో ఎవరికీ గుర్తులేదు. ఆమె పలువరుస చూసి పెట్టినది మాత్రం కాదు. ఆమె కట్టుడు పళ్ళు చేస్తుంది. దంతవైద్యుడి ఆసుపత్రిలో మందుల అట్టపెట్టెలు పేర్చిన నడవా దాటితే, ఒక బల్ల, మెడ వంచే దీపం, చిన్న గ్యాసు పొయ్యి, గులాబిరంగు మైనపు పలకలు ఉన్న గది వస్తుంది. ఇరవై ఏడేళ్ళుగా ఆమె పగళ్ళన్నీ ఆ గదిలోనే గడిచాయి. ముందు గదిలో డాక్టరుగారు నోటి అచ్చు తీసి పంపుతారు. వెనుక గదిలో ఆమె ఆ అచ్చులో సుద్ద పోసి, ఆరబెట్టి, మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కొక్క పన్నూ నిలబెడుతుంది. ఆ నోటి యజమానిని ఆమె సాధారణంగా చూడనే చూడదు. అందుకే ప్రతి ఒక్కరి దగ్గరా పాత ఫోటో ఒకటి, నవ్వుతూ దిగినది, తెప్పించమని డాక్టరుగారిని వేధిస్తుంది.

"ఫోటో ఎందుకమ్మా? ఆయనకు తినడానికి పళ్ళు కావాలి, అంతేగా," అని డాక్టరుగారు విసుక్కుంటే, "అందరికీ ఒకే వరసలో తెల్లగా పేర్చి ఇస్తే పళ్ళ సెట్టు అవుతుంది గానీ, ఆయన నవ్వు ఎలా అవుతుందండీ?" అంటుంది. ముందు పన్ను ఒకటి కాస్త పక్కకు ఒరిగిన మనిషికి, కొత్త సెట్టులో కూడా ఆ పన్నును అంతే ఒరగబెడుతుంది. సెట్టు పెట్టుకుని ఇంటికి వెళ్ళిన ఒక పెద్దాయనను చూసి ఆయన భార్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నదని డాక్టరుగారు చెప్పినప్పుడు, పళ్ళక్క సంతోషపడడం మాని, "పై వరస ఎత్తు సరిపోయిందా లేదా, అది చెప్పండి," అని అడిగిందట.

ఇటువంటి మనిషికి విల్లు చేతికి రావడానికి కారణం మెడనొప్పి. పగలంతా ముందుకు వంగి పనిచేసేవారికి భుజాలు వెనక్కి లాగే వ్యాయామం మంచిదని ఎవరో చెప్పగా, పన్నెండేళ్ళ క్రితం ఒక ఆదివారం ఆమె విలువిద్య క్లబ్బుకు వెళ్ళింది. క్లబ్బు అంటే పెద్ద భవనమేమీ కాదు. పాత పెంకుల గిడ్డంగి వెనుక ఒక మైదానం, ఒక రేకుల షెడ్డు, రంగురంగుల వలయాల కాగితాలు అంటించిన ఆరు గడ్డి దిమ్మలు, ఎవరి టీ కప్పు వారే కడుక్కోవాలని రాసిన ఒక బోర్డు. మెడనొప్పి ఆరు నెలల్లో పోయింది, ఆమె మాత్రం అక్కడే ఉండిపోయింది. చిన్న అక్షరాలు కళ్ళద్దాలు లేకుండా చదవగలిగినది ఆమె ఒక్కతే కావడంవల్ల, మూడో ఏడు తిరిగేసరికి అంకెల పుస్తకం ఆమె చేతికి వచ్చింది.

అంకెల పుస్తకమంటే ఏమిటో ఇక్కడ కొంత చెప్పవలసి ఉంది. ఆ క్లబ్బులో మనిషికొక హ్యాండీక్యాప్, అంటే గురి స్థాయిని కొలిచే సంఖ్య, ఉంటుంది. దానికి చక్కని తెలుగు మాట కల్పించాలని ఒకప్పుడు టీ విరామాలలో చాలా కసరత్తు జరిగింది. 'లోటు' అంటే అవమానంగా ఉన్నదన్నారు. 'వెసులుబాటు' అంటే టికెట్టు మీద రాయితీలాగా ఉన్నదన్నారు. చివరకు 'అంకె' అన్న రెండక్షరాలే అందరి నోటా నిలిచాయి. మంచి మాటలు చాలావరకు ఇలాగే, సంఘాలు తీర్మానించినందువల్ల కాక, నాలుకకు సుఖంగా ఉన్నందువల్ల బతుకుతాయి. ఈ అంకె విషయంలో లోకరీతి తలకిందులు. అది ఎంత చిన్నదైతే మనిషి అంత గట్టివాడు. 'నా అంకె దిగింది' అని ఎవరైనా అంటే పక్కవారు ఓదార్చరు, టీ ఇప్పించమంటారు.

కొత్తగా చేరినవారు మూడు రౌండ్లు కొట్టాలి. రౌండుకు డెబ్భై రెండు బాణాలు, బాణానికి పది మార్కులకు మించి లేదు. వచ్చిన మార్కులను ఒక లావుపాటి పట్టికలో వెతికితే ఆ రౌండు ఏ అంకెకు సమానమో తెలుస్తుంది. మూడింటి సగటే ఆ మనిషి మొదటి అంకె. పట్టికలో ఒక్కొక్క దూరానికి ఒక్కొక్క నిలువు వరస ఉంటుంది. దూరం పెరిగితే అదే చేతికి, అదే గురికి మార్కులు తగ్గుతాయి కాబట్టి, అరవై మీటర్ల నుంచి తెచ్చుకున్న నాలుగు వందల మార్కులు యాభై మీటర్ల నుంచి తెచ్చుకున్న నాలుగు వందలకన్నా విలువైనవి. ఆ తేడాను పట్టిక చూసుకుంటుంది. పట్టికలో సరైన వరసను మనిషి చూసుకోవాలి.

ఏడాదికొకసారి జరిగే అంకెల కప్పు పోటీ ఈ లెక్క మీదే నడుస్తుంది. ప్రతి ఒక్కరి మార్కులకూ వారి అంకెను బట్టి కొన్ని మార్కులు కలుపుతారు. పెద్ద అంకె ఉన్నవారికి ఎక్కువ, చిన్న అంకె ఉన్నవారికి తక్కువ. ఎవరి స్థాయికి తగినట్టు వారు కొడితే అందరికీ సరిగ్గా 1440 రావాలి. ఆ రోజు గెలిచేవారు అందరికన్నా గొప్పవారు కానక్కరలేదు, నిన్నటి తమకన్నా గొప్పవారైతే చాలు. పళ్ళక్కకు ఈ ఏర్పాటు అంటే మహా ఇష్టం. బేకరీ నడిపే అన్నయ్య, ఇరవై తొమ్మిది అంకెతో క్లబ్బులో అందరికన్నా గురి గలవాడు, నిరుడు చేరిన బడిపిల్ల చేతిలో ఓడిపోయి మొహం మాడ్చుకున్న రోజున, ఆమె ఇంటికి వెళ్ళేదాకా నవ్వుతూనే ఉంది.

ఈ ఏడు మాత్రం కప్పు నవ్వులతో ముగియలేదు.

గెలిచినది మీటరు బాబాయి. విద్యుత్తు శాఖలో ఇల్లిల్లూ తిరిగి మీటర్లు చదివే ఉద్యోగం ఆయనది. ఇంకో రెండేళ్ళలో పదవీ విరమణ. మెట్లు ఎక్కీ దిగీ అరిగిన మోకాళ్ళు, అవసరానికి మించి ఒక్క మాట పలకని స్వభావం. చేరి రెండు నెలలే అయింది. మొదటి మూడు రౌండ్లకు పళ్ళక్క లెక్కగట్టి ఇచ్చిన అంకె అరవై ఒకటి. కప్పునాడు యాభై మీటర్ల నుంచి 498 కొట్టాడు. అంకెకు వచ్చే 1003 కలిపి పలక మీద రాసేసరికి 1501 అయింది. రెండో స్థానంలో పళ్ళక్క, కొట్టిన 581కి అంకె మార్కులు కలిపి 1451. మూడోది బేకరీ అన్నయ్య, 1448.

అందరూ పలక ముందు గుమిగూడారు. పది మార్కులు ఎక్కువ వస్తే అదృష్టం అంటారు, ఇరవై వస్తే సాధన అంటారు. అరవై ఎక్కువ వస్తే ఏమనాలో ఎవరికీ తోచలేదు. బేకరీ అన్నయ్యకు తోచింది.

"ఏం బాబాయ్! మొన్నటిదాకా బాణం ఎటు పోతుందో తెలియనట్టు కొట్టావు. ఇవాళ ఒక్కసారిగా అర్జునుడివి అయిపోయావే?"

"ఏమో నాన్నా. అలా పడ్డాయి."

"అలా పడ్డాయట! ఊరందరి మీటర్లూ చూసేవాడివి, మన మీటరు తిప్పడం నీకెంతసేపులే!"

షెడ్డు ఘొల్లుమంది. అంకె పెద్దదిగా రావాలని మొదటి రౌండ్లు కావాలనే చెడగొట్టుకోవడాన్ని అక్కడివారు 'దాచుకోవడం' అంటారు. విలుకాడికి అంతకన్నా చెడ్డపేరు లేదు. మీటరు బాబాయి కప్పును గుడ్డసంచిలో పెట్టుకుని, విల్లు విప్పి పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయాడు. నవ్వినవారిలో పళ్ళక్క కూడా ఉంది. ఆ సంగతి ఆమెకు ఇంటి దారిలో గుర్తుకు వచ్చింది.

మరుసటి ఆదివారం ఆయన రాలేదు. ఆ పై ఆదివారం క్లబ్బులోని ఆయన అలమర తాళంచెవి, ఒక చీటీ వచ్చాయి. 'ఆరోగ్య కారణాలవల్ల మానుకుంటున్నాను' అని రాసి ఉంది. క్లబ్బు అధ్యక్షురాలు, పిల్లల ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన నర్సమ్మగారు, ఆ చీటీ రెండుసార్లు చదివి, "ఈ ఆరోగ్యం పేరు నాకు తెలుసులే," అన్నారు. "వచ్చే వారం సమావేశంలో దీన్ని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఆయన దాచుకున్నాడని మనమూ సంతకం పెట్టినట్టే. ఈలోగా ఎవరికైనా ఏమైనా తోస్తే చెప్పండి."

ఆ మధ్యాహ్నం పళ్ళక్క మూడు రౌండ్ల మార్కుల కాగితాలూ ఇంటికి పట్టుకువచ్చి భోజనాల బల్ల మీద పరిచింది. ఎదురుగా అత్తగారు బఠాణీలు ఒలుస్తున్నారు. ఆవిడ నోట్లోని పళ్ళు కోడలి చేతివే. కోడలితో పోట్లాడవలసి వచ్చినప్పుడు ముందు వాటిని తీసి గ్లాసులో పెట్టడం ఆవిడ పద్ధతి.

దాచుకునేవాడి కాగితం ఎలా ఉంటుందో పళ్ళక్కకు తెలుసు. నాలుగు బాణాలు నడిబొడ్డున పడతాయి, రెండు మాత్రం గడ్డిలోకి పోతాయి. ఎంత ప్రయత్నించినా చేయి తన మంచితనాన్ని పూర్తిగా దాచలేదు. బాబాయి కాగితాలలో అటువంటిదేమీ లేదు. ఆరేసి బాణాలకు ముప్ఫై ఆరు, ముప్ఫై ఎనిమిది, ముప్ఫై అయిదు, మళ్ళీ ముప్ఫై ఆరు. గోడ కట్టినట్టు ఒకే మట్టంలో సాగిన నిజాయితీ. మొత్తాలు 428, 437, 446. మరి ఈ చేతికి కప్పునాడు ఏ దేవుడు పూనాడు? కాగితం చివరనుంచి మొదటికి, మొదటినుంచి చివరికి చదివింది. మూడోసారి చదువుతున్నప్పుడు, ఎవరూ ఎప్పుడూ చూడని పై గీత మీద, సున్నకూ ఆరుకూ తేడా స్పష్టంగా తెలిసే మీటర్ల మనిషి దస్తూరిలో కనిపించింది: దూరం, 60 మీ.

ఆమె పట్టికను దగ్గరికి లాక్కున్నది.

బాబాయి మొదటి రౌండ్లు కొట్టిన ఆ మూడు వారాలూ వాననీరు నిలిచి యాభై మీటర్ల గీత దగ్గర చీలమండ దాకా బురద. నర్సమ్మగారు అందరినీ పది మీటర్లు వెనక్కి, సిమెంటు చప్టా మీదికి జరిపారు. పాతవారంతా కాగితం ఇస్తూ "నాది అరవై" అని అరిచి చెప్పేవారు. బాబాయి అరిచే మనిషి కాదు. రాయవలసినచోట రాశాడు, ఊరుకున్నాడు. కొత్తవారు యాభైకి మించి కొట్టడం పళ్ళక్క పన్నెండేళ్ళలో చూడలేదు కాబట్టి, ఆమె వేలు పట్టికలో అలవాటుగా యాభై వరస మీదికే పోయింది. ఒక్క వరస ఎడమకు. పళ్ళ పనిలో అర మిల్లీమీటరు తేడా వస్తే మైనం మొత్తం కరిగించి మొదలుపెట్టే మనిషి, ఇక్కడ పది మీటర్ల మీదుగా చూడకుండా నడిచిపోయింది.

అరవై వరసలో వెతికితే మూడు రౌండ్లూ యాభై ఆరు, యాభై అయిదు, యాభై నాలుగు. సగటు యాభై అయిదు. ఆ అంకెకు కలిపేవి 947 మాత్రమే. కప్పునాటి 498తో కలిపితే 1445. చక్కని ఆట, ఎవరూ వేలెత్తి చూపలేని ఆట. బాబాయి ఏమీ దాచుకోలేదు. దాచినది పట్టికే, దాన్ని తప్పు చదివిన కళ్ళే.

అప్పుడు ఆమె మిగతా రెండు మొత్తాలూ పక్కన రాసి చూసింది. 1451, 1448, 1445. పెన్సిలు కింద పెట్టేసింది.

"ఏమైందే? బల్లి పడ్డట్టు అలా అయిపోయావు," అన్నారు అత్తగారు.

"లెక్క సరిచేస్తే కప్పు నాకొస్తుంది అత్తయ్యా."

"రానీ. వచ్చేది వస్తుంటే వద్దని ఏడ్చే మనిషిని నిన్నే చూశాను."

"తప్పు చేసింది నేను. పట్టుకుంది నేను. దిద్దింది నేను. గెలిచింది నేను. ఎవరు నమ్ముతారు? ఇన్నాళ్ళూ పుస్తకం చేతిలో పెట్టుకుని ఇదా చేసింది అనరూ?"

అత్తగారు ఒక బఠాణీ కాయ చివర తుంచారు. "అంటారు. అనకుండా ఉండాలంటే నోరు మూసుకుని కూర్చో. అప్పుడు ఆ మీటరాయన్ని అంటారు. ఎవరో ఒకరిని అనక మానరు గదా. నువ్వు అనిపించుకుంటావా, ఆయన చేత అనిపిస్తావా, అదేగా లెక్క? దీనికి కూడా పట్టిక కావాలా?"

ఆవిడ పళ్ళు గ్లాసులోకి వెళ్ళలేదు గనుక అది పోట్లాట కాదు, సలహా.

సాయంత్రం పళ్ళక్క బాబాయి ఇంటికి వెళ్ళింది. లిఫ్టు లేని మూడో అంతస్తు. తలుపు తీసిన పిన్ని, బాబాయి భార్య, ఆమెను ఎరగకపోయినా భుజాన సంచిలోని లావుపాటి పట్టికను చూసి, "మీవాళ్ళు వచ్చారండీ," అని లోపలికి కేకవేసింది. కప్పు ఫ్రిజ్ మీద ఉంది. అందులో కరెంటు పోయినప్పటికని కొవ్వొత్తులు నిలబెట్టి ఉన్నాయి. మీటర్లు చూసే ఆయన ఇంట్లో కొవ్వొత్తులేమిటని నవ్వు వచ్చినా, ఆమె ఆపుకున్నది. ఈ ఇంటి మీద ఆమె ఒకసారి నవ్వింది, అది చాలు.

"బాబాయ్, తప్పు నాది," అని నిలబడే మొదలుపెట్టింది. కాగితాలు చూపింది, బురద గుర్తుచేసింది, రెండు వరసలూ పక్కపక్కన వేలితో చూపింది. "వచ్చే ఆదివారం అందరి ముందూ చెబుతాను. మీ మీద పడిన మాట పోతుంది. కానీ కప్పు కూడా పోతుంది. వచ్చేది నాకు. ఎలా చెప్పాలో తెలియక మెట్ల మీద రెండుసార్లు ఆగాను."

మీటరు బాబాయి కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం దగ్గరికి లాక్కున్నాడు. చాలాసేపు చూశాడు. పిన్ని గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

"అయితే," అన్నాడు చివరకు, "నా అంకె ఎంతంటావు?"

"యాభై అయిదు."

"అరవై ఒకటి కాదూ?"

"ఎప్పుడూ కాదు బాబాయ్. మొదటి రోజునుంచీ యాభై అయిదే."

ఆయన కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "వింటున్నావుటే?" అని భార్యను పిలిచాడు. "యాభై అయిదట! అరవై ఒకటి చూసుకుని, ఈ వయసులో మనకెందుకులే ఈ ఆట అనుకుంటున్నానా, మొదటి రోజునుంచీ యాభై అయిదేనట!"

"అంటే పెరిగిందా, తగ్గిందా?" అన్నది పిన్ని.

"తగ్గింది!"

"తగ్గితే అంత సంబరమేమిటి? ఆ కప్పు మాత్రం తీసుకుపోనివ్వండి, కొవ్వొత్తులకు వేరే డబ్బా చూస్తాను."

పళ్ళక్క ఆయన మొహం చూస్తూ ఉండిపోయింది. ఇరవై ఏడేళ్ళుగా పాత ఫోటోలలో మాత్రమే చూస్తూ వచ్చిన నవ్వు, అచ్చు తీయకుండా, మైనం కట్టకుండా, ఎదుట కనిపించింది. కింది వరసలో ఒక పన్ను లేదు. తెలియకుండానే కొలత వేసుకున్నది.

సమావేశం రోజున షెడ్డు నిండిపోయింది. పళ్ళక్క తానేమీ లెక్క చెప్పలేదు. మూడు కాగితాలూ, పట్టికా బేకరీ అన్నయ్య చేతిలో పెట్టి, "పలక మీద మీరే వేయండి అన్నయ్యా. పై గీతనుంచి చదవండి," అన్నది. ఆయన చదివాడు. 'అరవై మీటర్లు' అన్నచోట ఆ గీతను మళ్ళీ ఒకసారి చదివాడు. పిండి పిసికి గట్టిపడిన వేళ్ళతో వరస వెంట దిగి, యాభై ఆరు, యాభై అయిదు, యాభై నాలుగు అని రాశాడు. కూడిక చేశాడు. మూడు మొత్తాలు ఒకదాని కింద ఒకటి పడ్డాయి.

"ఓహో! అయితే ఇప్పుడు కప్పు పుస్తకం రాసే వాళ్ళకే అన్నమాట," అన్నారు వెనకనుంచి ఎవరో. ఆ మాట వస్తుందని పళ్ళక్కకు తెలుసు. తెలిసినా చెవులు కాలాయి.

"నా పేరు తీసేయండి," అన్నది. "నా మార్కులు లెక్కలోకి వద్దు. కప్పు అన్నయ్యకు వెళ్తుంది."

"కూర్చో," అన్నారు నర్సమ్మగారు. "తప్పు చదివినందుకు నువ్వు రెండు చీవాట్లు తినాలి. అవి తర్వాత పెడతాను. కానీ 581 కొట్టింది నువ్వే గదా? కొట్టిన వాటిని కొట్టలేదని రాస్తే అది ఇంకో తప్పు లెక్క. ఒక్కటి చాలు మాకు."

అప్పుడు ఎవరూ ఊహించనిది జరిగింది. మీటరు బాబాయి, అవసరానికి మించి మాట్లాడని మనిషి, లేచి నిలబడ్డాడు. "మా ఉద్యోగంలో మీటరు తప్పు చదవడం అందరికీ అవుతుంది," అన్నాడు. "నాకూ అయింది. మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళి తలుపు తట్టి, తప్పు చదివానండీ అని చెప్పేవాళ్ళు మాత్రం పదిమందిలో ఒకరు ఉంటారు. ఈ అమ్మాయి మూడంతస్తులు ఎక్కి వచ్చి చెప్పింది. కప్పు పోయే ఇంటికి. నేనైతే నమ్ముతాను." అంత మాట్లాడినందుకు తానే సిగ్గుపడి కూర్చున్నాడు.

బేకరీ అన్నయ్య పలక దగ్గరే నిలబడి చేతికంటిన సుద్ద దులుపుకుంటున్నాడు. "బాబాయ్," అన్నాడు, ఆయనవైపు చూడకుండా. "ఆ రోజు మీటరు అన్నాను చూడు... అది నా నోటి దురద. మనసులో పెట్టుకోకు."

"పెట్టుకున్నాను నాన్నా," అన్నాడు బాబాయి నెమ్మదిగా. "మూడు వారాలు పెట్టుకున్నాను. ఇప్పుడు తీసేస్తున్నాను."

ఈసారి షెడ్డు నవ్వింది గానీ, అది వేరే నవ్వు. నర్సమ్మగారు చీటీని నాలుగు మడతలు పెట్టి తన సంచిలో వేసుకుని, తాళంచెవిని బల్ల మీదుగా బాబాయి వైపు తోశారు. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

పళ్ళక్క పుస్తకం తెరిచింది. బాబాయి పేజీలో అరవై ఒకటి మీద ఒకే ఒక గీత, కింద ఉన్నది కనిపించేలా గీసింది. పక్కన యాభై అయిదు వేసి, 'దూరం తప్పు చదివాను' అని రాసి సంతకం చేసింది. సిరా ఆరేదాకా ఊదుతూ ఉంటే, భుజం వెనుక ఎవరో నిలబడినట్టు అనిపించింది.

"అమ్మాయ్," అన్నాడు మీటరు బాబాయి, "ఇది యాభై నాలుగు కావాలంటే ఎంత కొట్టాలి?"

"యాభై నాలుగుకు సరిపడా కొడితే చాలదు బాబాయ్. పాత అంకె, కొత్త రౌండు అంకె కలిపి సగం చేస్తాం, అర మిగిలితే పైకే లెక్క. అందుకని ఒక్కటి దిగాలంటే రెండు మెరుగ్గా కొట్టాలి. యాభై మూడు రౌండు కొట్టాలి మీరు."

"ఎన్ని మార్కులో చెప్పు."

ఆమె పట్టిక తీసింది. వేలు దానంతట అదే ఒక వరస మీదికి పోబోయి, గాలిలో ఆగింది.

"ఎక్కడినుంచి కొడతారు?"

"యాభై."

"రాసివ్వండి," అన్నది పళ్ళక్క, పెన్సిలు ఆయన చేతికిచ్చి. ఆయన రాశాక ఆ కాగితం చదివి, వేలు దించింది. "అయిదు వందల పదకొండు."

"మొన్నటికన్నా పదమూడు ఎక్కువ," అన్నాడు బాబాయి. బయటికి చూశాడు. మైదానం ఆరిపోయి ఉంది, యాభై మీటర్ల గీత తెల్లగా కనిపిస్తున్నది. "వెలుతురు ఇంకా రెండు గంటలు ఉంటుందంటావా?"

"ఉంటుంది," అన్నది పళ్ళక్క. పుస్తకం మూసి, తన విల్లు తెచ్చుకోవడానికి లేచింది.